తప్పు బ్యాటరీదేనా?

బెంగళూరు టౌన్‌హాల్‌కు దగ్గర్లోని ఎస్పీ రోడ్డు పూర్తి పేరు సదర్ పత్రప్ప రోడ్డు. ఎలక్ట్రానిక్స్ సామాన్లు వెతుక్కునేవాళ్లకు ఆ పొడి అక్షరాలే చాలు. చేతిలో ఫోన్ పట్టుకుని ఆ రోడ్డులో నడుస్తుంటే "డిస్‌ప్లేనా సార్? బ్యాటరీనా?" అని దుకాణాలవాళ్లు అడిగేస్తారు. ఫోన్ తెరిచి చూడకముందే తీర్పు సగం అయిపోయినట్టే. వాళ్లననడానికి లేదు. మనమూ "బ్యాటరీ పోయింది, మార్చండి" అని ఇంటి దగ్గరే తేల్చుకుని వెళతాం.

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి ఫోన్ మొరాయించినా నా తలుపు తట్టడం అలవాటు. నేను మెకానిక్‌ని కాను. సన్న స్క్రూడ్రైవర్లు, కాస్త ఓపిక ఉన్న మనిషిని. ఈ సరదా నేర్పిన సూత్రం ఒక్కటే: చవకైన అనుమానం ముందు తీర్చుకోవాలి, ఖరీదైనది ఆఖర్న. కేబుల్, అడాప్టర్, చార్జింగ్ పిన్, సిగ్నల్, యాప్‌లు, వీటన్నిటి తర్వాతే బ్యాటరీ. బోర్డు సంగతి ఆ తర్వాత.

మారతహళ్లిలో ఫుడ్ డెలివరీ చేసే మదనపల్లె కుర్రాడొకడు వచ్చాడు. "బ్యాటరీ అయిపోయిందన్నా. రాత్రంతా పెట్టినా ఎక్కడంల్యా" అన్నాడు. టార్చి వేసి చూస్తే చార్జింగ్ పిన్ నిండా జేబులోని నూగు, దుమ్ము. కేబుల్ లోపలిదాకా దిగడమే లేదు. ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా గీకితే కేబుల్ టక్కున కూర్చుంది. "ఇంతేనాన్నా!" అంటూ నవ్వాడు. ఇనుప పిన్ను పెట్టి కెలికి ఉంటే ఆ నవ్వు ఉండేది కాదు.

సిగ్నల్ సంగతి ఇంకా తక్కువమంది గమనిస్తారు. టవర్ దూరమయ్యేకొద్దీ ఫోన్ గొంతు పెంచి మాట్లాడాలి, అంటే ఎక్కువ కరెంటు తాగాలి. బేస్‌మెంట్ పార్కింగ్‌లోనో గోడల మధ్య ఇరుక్కున్న పీజీ గదిలోనో పడి ఉన్న ఫోన్ ఏ పనీ చేయకుండానే ఖాళీ అవుతుంది. అలాంటిచోట వైఫై కాలింగ్ పెట్టుకోవాలి, లేదంటే ఎయిర్‌ప్లేన్ మోడ్. సెట్టింగుల్లో బ్యాటరీ వాడకం జాబితా చూస్తే అసలు దొంగ పేరుతో సహా దొరుకుతాడు. అది చూడకుండా గంటకోసారి యాప్‌లన్నీ పైకి తోసి మూసేవాళ్లున్నారు. మూసిన యాప్ మళ్లీ మొదటినుంచి తెరుచుకోవడానికే ఎక్కువ చార్జి పోతుంది.

బ్యాటరీ గురించి మన ఇళ్లలో ఇంకా తిరుగుతున్న సలహా ఒకటుంది: పూర్తిగా సున్నాకి దించి, అప్పుడు వందకి ఎక్కించాలని. అది నికెల్-కాడ్మియం కాలం నాటి మాట. 1991లో సోనీ లిథియం-అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చాక ఆ సలహా తిరగబడింది. ఆ బ్యాటరీకి పునాది వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. లిథియం-అయాన్‌కు సున్నా గిట్టదు. వంద దగ్గర గంటల తరబడి కూర్చోవడమూ గిట్టదు. ఇరవైకీ ఎనభైకీ మధ్య తిరుగుతుంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. సగం సగం రెండుసార్లు ఎక్కిస్తే ఒక సైకిల్ కిందే లెక్క కాబట్టి, కొంచెం కొంచెంగా చార్జి పెడితే ఆయుష్షు తగ్గుతుందన్న భయం అక్కర్లేదు. ఎనభై దగ్గర ఆపే సెట్టింగు మీ ఫోన్‌లో ఉంటే మామూలు రోజుల్లో పెట్టుకోండి. తిరుపతి బస్సెక్కే రోజు మాత్రం హాయిగా వంద ఎక్కించండి. బ్యాటరీ ఉన్నది మనకోసం, మనం దానికోసం కాదు.

అన్నిటికన్నా పెద్ద శత్రువు వేడి. బెంగళూరు అంటే చల్లని ఊరన్న ధీమా ఇక్కడ పనికిరాదు. 2016 ఏప్రిల్‌లో ఈ ఊళ్లో 39.2 డిగ్రీలు నమోదైంది. ఐఫోన్‌ల విషయంలో, చుట్టూ వేడి 35 డిగ్రీలు దాటితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గవచ్చని ఆపిలే చెబుతుంది. ఇక డెలివరీ కుర్రాళ్ల ఫోన్లు చూడండి. హ్యాండిల్‌కు తగిలించి, ఎండకు తెర పూర్తి వెలుతురులో, మ్యాప్ నడుస్తూ, పక్కనుంచి పవర్ బ్యాంక్‌తో చార్జి ఎక్కుతూ ఉంటాయి. వేడి మీద వేడి. హ్యాండిల్ మీద ముప్పు వేడి ఒక్కటే కాదు, పెద్ద ఇంజిన్ల బైకుల అదురుకు కెమెరా కూడా పాడవవచ్చని 2021లో ఆపిల్ హెచ్చరించింది. దారి తెలిసిన చోట ఫోన్ జేబులో పెట్టుకోవడం, ఫాస్ట్ చార్జింగ్ పెట్టేటప్పుడు పౌచ్ తీయడం, కారు డాష్‌బోర్డు మీద వదలకపోవడం, ఈ మూడూ పైసా ఖర్చు లేని వైద్యాలు.

వానాకాలం ఫిర్యాదు వేరు. తడిసిన ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టడం మన ఇళ్లలో ఆచారమైపోయింది. దానివల్ల లోపలి నీరు పోదు, పిండి మాత్రం పిన్‌లో చేరుతుంది. వెంటనే ఆఫ్ చేసి, చార్జింగ్ జోలికి పోకుండా, తెరిచి శుభ్రం చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. ఆలస్యమయ్యేకొద్దీ బోర్డుకు తుప్పు పడుతుంది.

ఇన్నీ దాటాక నిజంగానే బ్యాటరీ పోయి ఉండొచ్చు. ముప్పై శాతం చూపిస్తూనే ఠక్కున ఆగిపోవడం, అంకెలు ఒక్కసారిగా పడిపోవడం దాని గుర్తులు. వెనక మూత లేచిందంటే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, చార్జింగ్ పెట్టకూడదు. అదే రోజు మార్పించాలి. కొత్తది కొనేటప్పుడు స్టిక్కరు మీది అంకె చూసి మురిసిపోవద్దు. అంతే సైజులో రెట్టింపు కెపాసిటీ ఎవరూ పట్టించలేరు.

2017 డిసెంబర్‌లో ఆపిల్ ఒక సంగతి ఒప్పుకుంది. బ్యాటరీ ముసలిదైతే ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండటానికి తామే వేగం తగ్గిస్తున్నామని. గొడవయ్యాక అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. కొత్త బ్యాటరీ పడగానే పాత ఫోన్లు మళ్లీ పరుగెత్తాయి. ముసలిదైంది ఫోన్ కాదని అప్పుడు తెలిసింది. టైరు అరిగిందని బండి అమ్మేస్తామా?

మెజెస్టిక్ దగ్గర నేషనల్ మార్కెట్ దుకాణాల్లోనూ ఎస్పీ రోడ్డు మేడమెట్ల కిందా అసలైన పనివాళ్లున్నారు. షార్ట్ సర్క్యూట్ ఎక్కడుందో పట్టడానికి బోర్డుకు రోజిన్ పొగ పట్టించి, కొద్దిగా కరెంటు ఇస్తారు. పొగ వదిలిన తెల్లని పూత ఎక్కడ ముందు కరిగితే అక్కడి విడిభాగానిదే లోపం. బియ్యపు గింజలో పదో వంతు లేని ఆ ముక్కను మైక్రోస్కోప్ కింద తీసేస్తారు. బోర్డే మార్చాలన్న ఫోన్ లేచి కూర్చుంటుంది. నాకు నచ్చిన మెకానిక్ మాత్రం ఇంకొకడు. చూసి, "దీనికేం మార్చక్కర్లేదు" అని తిప్పి పంపేవాడు. అలాంటివాడు దొరికితే వదులుకోవద్దు. పని మీ కళ్లముందే చేయమనండి, తీసిన పాత భాగం అడగండి, ఇచ్చేముందు డేటా బ్యాకప్ తీసుకోండి.

ఈ ఊళ్లోనే 2015లో పూర్ణా సర్కార్, అంతరా ముఖర్జీ రిపేర్ కఫే మొదలుపెట్టారు. పాడైన వస్తువుతో వచ్చి, పక్కన కూర్చుని బాగుచేయడం నేర్చుకుని వెళ్లే చోటు అది. ప్రభుత్వమూ కదిలింది. రిపేరు హక్కుపై 2022 జూలైలో కేంద్రం కమిటీ వేసింది, ఆ డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది. యూరప్ ఇంకా ముందుకెళ్లింది. 2025 జూన్ నుంచి అక్కడ అమ్మే ఫోన్ల బ్యాటరీ 800 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం నిలుపుకోవాలి. 2027 ఫిబ్రవరి నుంచి వాడేవాళ్లే బ్యాటరీ మార్చుకునే వీలుండాలన్నది నిబంధన. మనకూ అలాంటి చట్టం రావాలి. వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు.

ఈసారి ఫోన్ మొరాయించిందని కొత్తది బుక్ చేసే ముందు, మొదట కేబుల్ మార్చి చూడండి, తర్వాత పిన్ చూడండి, ఆ తర్వాతే బ్యాటరీ. తీసేసిన పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి. ప్రాసెసర్, కెమెరా, తెర బాగున్న ఫోన్‌ను ఒక్క బ్యాటరీ కోసం పారేయడం పొదుపరులైన మన ఇళ్లకు తగని పని.