సందు సీసానిదా, గొట్టానిదా?

తుపాకీ గొట్టంలో సీసం అంటుకుపోతే నేరమంతా సీసం మెత్తదనం మీదికి నెట్టడం అలవాటైపోయింది. రాగి తొడుగు గాని, అడుగున రాగి బిళ్ళ గాని లేని ఉత్త సీసపు గుండును లీవర్‌తో తూటా ఎక్కించే రైఫిల్లో కాల్చేవారు కూడా ముందుగా చేసేది సీసంలో యాంటిమొనీ పెంచి గుండును గట్టిపరచడమే. నా వాదన దీనికి ఎదురు. తప్పు చాలాసార్లు సందుది. గుండుకూ గొట్టానికీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా, మండిన మందులోంచి పుట్టిన వేడి వాయువు అందులో దూరి గుండు అంచులను కోసి, ఆ సీసాన్ని గొట్టం గోడకు పులుముతుంది. పల్నాడు పొలాల్లో ఆయిల్ ఇంజన్ నడిపిన రైతుకు ఇది వింత కాదు: రింగు అరిగాక పిస్టన్ ఎంత గట్టిదైతే ఏం లాభం?

పైగా అతిగట్టి గుండు వెనక నుంచి వచ్చే ఒత్తిడికి ఉబ్బదు, సందు అలాగే ఉండిపోతుంది. మెత్తనిది ఉబ్బి దాన్ని మూసేస్తుంది. 1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్ నమ్ముకున్నది ఈ గుణాన్నే. 1857లో సిపాయిలకు ఆగ్రహం తెప్పించిన దాని తూటా కొవ్వు గొట్టంలో మసినీ సీసాన్నీ పేరుకోనివ్వకుండా ఉండటానికే. ఆ కొవ్వు ఏ జంతువుదన్న గొడవ చరిత్రలో నిలిచిపోయింది గాని, అసలు కొవ్వెందుకో అడిగినవారు తక్కువ. 1873 వించెస్టర్ రైఫిల్లో వాడిన .44-40 తూటా కూడా నల్ల తుపాకిమందు, మెత్తని సీసం కాలానిదే. 1884లో ఫ్రాన్సులో వియేల్ అనే రసాయన శాస్త్రవేత్త నైట్రోసెల్యులోజుతో పొగరాని మందు తయారుచేశాక లెక్కలు మారాయి.  వేగం పెరిగింది, రాగి తొడుగు వచ్చింది, సీసానికి అపకీర్తి మిగిలింది.

అందుకే పని కొలతతో మొదలుకావాలి. శుద్ధ సీసపు ముక్కకు నూనె రాసి గొట్టంలోంచి నెట్టి, దానిమీద అచ్చుపడిన గొట్టపు గాడుల వ్యాసాన్ని మైక్రోమీటరుతో చూడాలి. గుండు దానికంటే అంగుళంలో ఒకటి నుంచి రెండు వెయ్యోవంతుల వరకు లావుండాలి. ఇంతవరకూ అందరూ చెప్పేదే. చాలామంది మరిచేది తూటా ఇత్తడి గుల్ల సంగతి: సరైన గుండును కూడా దాని బిగుతైన మెడ నొక్కి సన్నగా చేస్తుంది. గుల్ల మూతిని తగినంత విప్పకపోతే అచ్చు మీద పడ్డ శ్రమంతా వృథా. గుండు అడుగు అంచు పదునుగా, ఏ చొట్టా లేకుండా ఉండాలి; అడుగు లోపమే గుండు దారిని చెడగొడుతుందని ఫ్రాంక్లిన్ మాన్ అనే పరిశోధకుడు 1909లోనే ప్రయోగాలతో చూపాడు. కాస్త తగరం కలిపితే కరిగిన లోహం అచ్చు మూలల్లోకి చక్కగా పారుతుంది. ఇక లీవర్ రైఫిళ్ళకుండే గొట్టపు మ్యాగజైనులో ఒక తూటా ముక్కు ముందు తూటా ప్రైమర్‌ను తాకుతుంది కాబట్టి, అది పేలకుండా గుండు ముక్కు చదునుగా ఉండాలి. తేనెమైనంతో చేసిన కందెన చాలినంత ఉందో లేదో గొట్టమే చెబుతుంది: సీసం మందు గది దగ్గర పేరుకుంటే సాధారణంగా సందు తప్పు, మూతి దగ్గర పేరుకుంటే కందెన అయిపోయిందని అనుమానించాలి.

ఇంత తంటా ఎందుకు, రాగి బిళ్ళ వేస్తే సరిపోదా అంటారు. వేగం పెంచేవారికి సరిపోతుంది, అది న్యాయమైన మాటే. సెకనుకు 400 మీటర్ల లోపు మాత్రం, కొలత కుదిరితే బిళ్ళ అవసరం పడదు. సీసం విషం కాదా అన్నది దీనికంటే గట్టి అభ్యంతరం. దాన్ని కొట్టిపారేయలేం. 327 డిగ్రీల దగ్గర కరిగే ఈ లోహాన్ని గాలి ఆడని గదిలోనో పిల్లలు తిరిగే వంటింట్లోనో ముట్టకూడదు, చేతులు కడుక్కోకుండా అన్నం తినకూడదు. వేటలో వదిలిన సీసం పక్షులకు చేటని కాలిఫోర్నియా 2019లో దాన్ని నిషేధించింది, సరైన పనే. మట్టికట్ట ఉన్న గురిమైదానం సంగతి వేరు; అక్కడ గుండ్లను ఏరి మళ్ళీ కరిగించవచ్చు.

మన నేల దీనికి పూర్తిగా పరాయిదేమీ కాదు. వినుకొండ వైపు బండ్లమోటులో హిందుస్థాన్ జింక్ సంస్థ సీసపు ఖనిజాన్ని తవ్వింది. పంట కాపలాకు మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు 1959 ఆయుధాల చట్టంలో ఉంది. అదే చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. కాబట్టి పైన చెప్పిన పద్ధతులు ఇక్కడ ఇంట్లో చేసి చూడటానికి కావు, అనుమతి ఉన్న దేశాల్లో లైసెన్సు గలవారివి.