నిదానమే ప్రధానమన్న ఇంజిన్

కరెంటు తీగలు రాని రోజుల్లో మన పల్లెల్లో ఎన్నో బరువు పనులు ఆయిల్ ఇంజిన్ల మీదే నడిచాయి. కాలవ నీళ్ళు మెరక చేలకు ఎక్కించడానికీ, చెరకు గానుగ తిప్పడానికీ, పిండి మర ఆడించడానికీ, టూరింగ్ టాకీసులో బొమ్మ వేయడానికీ అదే ఆధారం. అలాంటి చిన్న డీజిల్ ఇంజిన్లలో ఎక్కువ కాలం బతికిన నమూనా ఒకటి లిస్టర్ సీఎస్. ఇంగ్లండులో పుట్టి గుజరాత్‌లో రెండో పుట్టుక పొందిన ఈ ఇంజిన్ దీర్ఘాయుష్షుకు కారణాలు రెండు. అది నెమ్మదిగా తిరుగుతుంది. చేతులకూ చెవులకూ అర్థమవుతుంది.

గ్లాస్టర్‌షైర్‌లోని డర్స్‌లీ అనే చిన్న పట్టణంలో రాబర్ట్ ఆష్టన్ లిస్టర్ 1867లో లిస్టర్ కంపెనీని పెట్టాడు. వ్యవసాయ పరికరాలతో మొదలైన వ్యాపారం మెల్లగా ఇంజిన్లకు మళ్ళింది. ఆ కాలపు రైతులకు తెలిసిన ఆయిల్ ఇంజిన్లలో చాలావాటికి తలమీద ఒక ఇనుప గుబ్బ ఉండేది. దాన్ని బ్లోల్యాంప్‌తో చాలాసేపు కాల్చి ఎర్రబెడితేగాని ఇంజిన్ అందుకునేది కాదు. 1929లో వచ్చిన సీఎస్ ఈ తతంగాన్ని తీసేసింది. కోల్డ్ స్టార్ట్ అన్న మాటకు పొట్టి రూపమే సీఎస్. చలికాలం తెల్లవారుజామున కూడా దీపం, మంట ఏవీ లేకుండా హ్యాండిల్ తిప్పితే చాలు.

ఆ తిప్పడంలో ఒక పద్ధతుంది. ముందు ఎగ్జాస్ట్ వాల్వును ఎత్తిపెట్టి ఉంచాలి. అప్పుడు సిలిండర్లో గాలి నొక్కుకోదు కాబట్టి బరువైన ఫ్లైవీళ్ళను ఒక్క మనిషే తిప్పగలడు. ఇంజిన్ హెడ్ పక్కన చిన్న చేతిచక్రం ఉంటుంది. దాన్ని బిగిస్తే దహన గదిలో కొంత భాగం మూసుకుపోయి, మిగిలిన చోట గాలి మరింత గట్టిగా నొక్కుకుని ఎక్కువ వేడెక్కుతుంది. ఫ్లైవీళ్ళు ఊపందుకున్నాక వాల్వును వదిలేస్తే అవే పిస్టన్‌ను పైకి తోస్తాయి, డీజిల్ అంటుకుంటుంది. ఇంజిన్ వేడెక్కి బరువు మీద పడ్డాక చేతిచక్రాన్ని వదులు చేస్తారు. బ్యాటరీ లేదు, గ్లో ప్లగ్ లేదు.

నెమ్మదితనం విలువ తెలియాలంటే మన ఇంజినీరింగ్ కాలేజీల థర్మల్ ల్యాబుల్లో తిరిగే కిర్లోస్కర్ ఏవీ1 ఇంజిన్ని పక్కన పెట్టి చూడాలి. దాని బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 80 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 110 మి.మీ. నిమిషానికి 1500 చుట్లు తిరిగి అది 5 హార్స్‌పవర్ ఇస్తుంది. లిస్టర్ సీఎస్‌లో 5/1 అనే రకం ఇచ్చేదీ అంతే. కానీ దాని బోరు నాలుగున్నర అంగుళాలు, స్ట్రోకు అయిదున్నర. సిలిండర్ దాదాపు 1.4 లీటర్లు, అంటే ఏవీ1కు రెండున్నర రెట్లు. తిరిగేది మాత్రం నిమిషానికి 600 చుట్లే. పిస్టన్ సగటు వేగం సెకనుకు 2.8 మీటర్లు, ఏవీ1లో 5.5 మీటర్లు. వేగం సగమైతే రాపిడి, అరుగుదల ఆ మేరకు తగ్గుతాయి. ఇనుము ఎక్కువ పోసి ఆయుష్షు కొనుక్కున్న లెక్క ఇది.

రకాల పేర్లు చదవడం తేలిక. గీతకు ముందున్నది హార్స్‌పవర్, తర్వాతది సిలిండర్ల సంఖ్య. 5/1ని 650 చుట్లకు పెంచితే 6/1 అయింది, బాగా పేరు తెచ్చుకున్నది ఇదే. 8/1ని 850 చుట్లకు తెచ్చారు. వీటినే జంట సిలిండర్లుగా కడితే 10/2, 12/2, 16/2. సేకరణదారులు వెతుక్కునేవి మాత్రం వేరు. అన్నిటికంటే ముందు వచ్చిన 9/1 ఒకటి, బుల్లి 3/1 ఇంకొకటి. వీటన్నిటికంటే ముచ్చటైనది స్టార్ట్-ఓ-మ్యాటిక్ జనరేటర్. ఇంట్లో మొదటి లైటు వేయగానే బ్యాటరీల కరెంటుతో డైనమో మోటారులా తిరిగి ఇంజిన్ని లేపుతుంది. చివరి లైటు ఆర్పగానే ఇంజిన్ దానంతటదే ఆగిపోతుంది. ఎలక్ట్రానిక్స్ ఏమీ లేకుండా, రిలేలతోనే ఈ పని చేయించారు.

డర్స్‌లీలో సీఎస్ తయారీ 1980ల చివరి దాకా సాగింది. ఆ నమూనా అక్కడితో అంతరించలేదు. మన దేశంలో, ముఖ్యంగా రాజ్‌కోట్ ఫౌండ్రీలలో అదే కొలతలతో ఇంజిన్లు పోతపోశారు. విదేశీ అభిమానులు వీటిని లిస్టరాయిడ్లు అంటారు. అసలుదానికీ వీటికీ తేడాలున్నాయి. మెయిన్ బేరింగుల దగ్గర కొన్నింట్లో రోలర్లు, కొన్నింట్లో బుష్‌లు ఉంటాయి. హెడ్ పక్కన చేతిచక్రం చాలావాటిలో కనిపించదు. పోత ఇసుక క్రాంక్‌కేసు మూలల్లో మిగిలిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, కొత్త ఇంజిన్ అయినా విప్పి కడిగాకే స్టార్ట్ చేయడం తెలిసినవాళ్ళ అలవాటు.

ఈ ఇంజిన్‌కు పట్టే పనితనం చూడముచ్చటగా ఉంటుంది. పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య ఎంత సందు ఉందో తెలుసుకోవడానికి పిస్టన్ తలమీద మెత్తని సీసం తీగ ముక్క పెడతారు. హెడ్ బిగించి ఫ్లైవీల్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి, మళ్ళీ విప్పి, చదునైన తీగ మందం కొలుస్తారు. తేడా ఉంటే సిలిండర్ అడుగున పలుచని రేకులు చేర్చడమో తీయడమో చేస్తారు. డీజిల్ ఏ క్షణంలో పడాలన్నదీ ఇలాగే సరిచూస్తారు. పంపు మీది పైపు విప్పి, ఫ్లైవీల్‌ను నెమ్మదిగా జరుపుతూ డీజిల్ మట్టం కదిలే చోటు పట్టుకుని గుర్తుతో పోల్చుతారు. స్పానర్లు, ఓపిక, గురువు నేర్పిన క్రమం ఉంటే చాలు.

కాలుష్యం మాట దాచకూడదు. నేటి ఉద్గార నియమాలకు ఈ పాత నమూనా తూగదు. రోజువారీ పనికి కొత్త ఇంజిన్, కరెంటు మోటారే మేలు. అయినా ఒక యంత్రాన్ని మొత్తం విప్పి, ప్రతి ముక్క ఎందుకుందో చూసి, తిరిగి బిగించి నడిపించే అవకాశం ఇంత చక్కగా ఇచ్చేవి అరుదు. మన ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో ఇలాంటిది ఒక్కటైనా నడిచే స్థితిలో ఉండాలి. పాత షెడ్డులో ఇంజిన్ దొరికితే నేమ్‌ప్లేటు ఊడదీయకుండా, దాని మీది నంబరు, చుట్ల సంఖ్య రాసిపెట్టాలి. పల్లెల్లో మిగిలిన వృద్ధ మెకానిక్కుల దగ్గర సెట్టింగుల పద్ధతులు తెలుగులో రాయించుకోవాలి. ఇనుము కరిగించినా మళ్ళీ పోతపోయవచ్చు. రాయకుండా పోయిన పనితనాన్ని ఏ ఫౌండ్రీ పోయలేదు.