గడియారానికి కట్టుబడిన మాట

బ్రిటన్‌లో బీబీసీ నడిపే రేడియో 4 సంగీతానికి కాక మాటకే అంకితమైన జాతీయ కేంద్రం. 1939 నుంచి నడుస్తూ వచ్చిన హోమ్ సర్వీసు స్థానంలో 1967 సెప్టెంబరు 30న మొదలైన ఈ కేంద్రంలో వార్తలు, చర్చలు, ప్రసంగాలు, నాటకాలు, పుస్తక పఠనాలు, హాస్య కార్యక్రమాలు తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాటేదాకా ఒకదాని వెంట ఒకటి సాగుతాయి. దీని ఖర్చంతా ప్రజలు చెల్లించే లైసెన్సు రుసుము నుంచే వస్తుంది గనక వ్యాపార ప్రకటనలు వినిపించవు. ఇందులోని ఒక్కొక్క కార్యక్రమం గురించి రాసినవారు ఎందరో ఉన్నారు. అయితే ఆ కార్యక్రమాలన్నిటినీ ఒక రోజుగా కూర్చే పని, అంటే ఏ మాట ఏ గంటకు, దేని తరవాత, ఎంతసేపు వినిపించాలో నిర్ణయించి దాన్ని క్షణం తప్పకుండా నడిపించే పని, వాటిలో దేనికీ తీసిపోని కళ. దానికి కర్తగా ఎవరి పేరూ వినిపించదు. బహుశా అందుకే ఆ కళకు రావలసిన గౌరవం రాలేదు.

ఈ కళలోని నిక్కచ్చితనం తెలియాలంటే నావికులకోసం చదివే వాతావరణ సూచనను, అక్కడివారు షిప్పింగ్ ఫోర్‌కాస్ట్ అనేదాన్ని, దగ్గరగా పరిశీలించాలి. బ్రిటిష్ దీవుల చుట్టుపక్కల సముద్రాన్ని వాతావరణ శాఖ 31 ప్రాంతాలుగా విభజించింది. సూచన వైకింగ్‌తో మొదలై, ఫార్టీస్, క్రోమర్టీ, ఫోర్త్, టైన్, డాగర్ అంటూ గడియారపు ముల్లు తిరిగే దిశలో దీవులను చుట్టివచ్చి, ఆగ్నేయ ఐస్‌లాండ్ దగ్గర ముగుస్తుంది. తుఫానున్నా లేకున్నా ఆ వరస మారదు. ఒక్కొక్క ప్రాంతానికి గాలి దిశ, దాని ఉధృతి, వాన లేదా మంచు, చివరగా ఎంతదూరం కనిపిస్తుందన్న వివరం చెప్పాలి. ఇదంతా ఇంచుమించు 350 మాటల్లో ఇమడాలి, అర్ధరాత్రి తరవాత చదివేదానికి మాత్రం మరికొన్ని మాటలు కలుపుకోవచ్చు. ఇంత ఇరుకులో అస్పష్టతకు తావుండకూడదు కాబట్టి ప్రతి మాటకూ ముందే ఒక కొలత నిర్ణయించారు: ‘ఆసన్నం’ అంటే 6 గంటలలోపు, ‘త్వరలో’ అంటే 6 నుంచి 12 గంటలలోపు, ‘తరవాత’ అంటే 12 గంటలు దాటాక 24 గంటలలోపు అని అర్థం. కనుచూపు ‘బాగుంది’ అన్నారంటే 5 నాటికల్ మైళ్లకు మించి, అంటే 9 కిలోమీటర్లకు పైగా, కనిపిస్తుందని లెక్క. ‘చాలా తక్కువ’ అన్నారంటే వెయ్యి మీటర్ల దూరం కూడా కనిపించదని లెక్క. చదివేవారు ఏ ప్రాంతం పేరునూ ఒత్తి పలకరు, ప్రమాదమున్న చోట గొంతు పెంచరు, అందరికీ అర్థమయ్యే వేగంలో ఒకే తీరున చదువుకుంటూ పోతారు. ఊగే పడవలో పెన్సిలు పట్టుకొని రాసుకునే మనిషిని మనసులో పెట్టుకొని తీర్చిదిద్దిన గద్యం ఇది. ఇంత తక్కువ మాటల్లో ఇంత బాధ్యతను మోసే రచన ఆధునిక కాలంలో అరుదు.

దీని మూలం రేడియోకంటే పాతది. 1859 అక్టోబరులో రాయల్ చార్టర్ అనే ఓడ వేల్స్ తీరంలో పెనుగాలికి పగిలి నాలుగు వందలకు పైగా మనుషులు మరణించాక, బ్రిటిష్ వాతావరణ శాఖకు తొలి అధిపతి అయిన రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ టెలిగ్రాఫు ద్వారా రేవులకు హెచ్చరికలు పంపి, అక్కడ స్తంభాలమీద శంకువు ఆకారపు గుర్తులను ఎగరవేసే పద్ధతిని 1861లో అమలుచేశాడు. డార్విన్ ప్రయాణం చేసిన బీగిల్ ఓడకు కెప్టెన్ ఈయనే. 2002లో ఫినిస్టెర్ అనే సముద్ర ప్రాంతానికి ఆయన పేరు పెట్టారు గనక ఇప్పుడు ఆ పేరు ప్రతి రాత్రీ ఆకాశంలో వినిపిస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడినప్పుడు విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో ఎగరవేసే ఒకటో నంబరు, మూడో నంబరు ప్రమాద హెచ్చరికలు ఆ ఆలోచనకు దగ్గరి బంధువులే. మత్స్యకారులు వేటకు వెళ్లవద్దని ఆకాశవాణి వార్తల చివర చదివే నాలుగు ముక్కలు కూడా అదే కోవకు చెందినవి.

అర్ధరాత్రి దాటి 12 గంటల 48 నిమిషాలకు వచ్చే సూచనకు ముందు రోనాల్డ్ బింజ్ కూర్చిన ‘సెయిలింగ్ బై’ అనే వాద్యగీతం వినిపిస్తుంది. వినేవారికి అది జోలపాటలా తోచవచ్చు గాని, అనౌన్సర్‌కు అది పనిముట్టు. అంతకు ముందున్న కార్యక్రమం పది సెకన్లు ముందుగా ముగియవచ్చు, ఆలస్యమూ కావచ్చు. సూచన మాత్రం 48వ నిమిషంలోనే మొదలుకావాలి. ఆ మధ్య ఖాళీ ఎంత మిగిలితే అంతమేరకే గీతాన్ని వినిపించి సరైన క్షణంలో తగ్గించి మాట అందుకుంటారు. రేడియోవారు ఇలాంటి సంగీతాన్ని ఫిల్లర్ అంటారు. సముద్రంలో రేడియో మీటను తిప్పుతూ కేంద్రంకోసం వెతికేవారికి తాము సరైన చోటికి చేరామని తెలిపే గుర్తుగానూ అది ఉపయోగపడుతుంది. ఖాళీని పూరించడానికి పెట్టినది ఆనవాలుగా మారడం, ఆనవాలు ప్రేమపాత్రం కావడం ఏ ప్రణాళికలోనూ రాసుకోగలిగినవి కావు.

గంట మారేటప్పుడు వినిపించే ఆరు టిక్కుల సంగతీ ఇంతే. 1924 ఫిబ్రవరి 5న గ్రీనిచ్ వేధశాల సహకారంతో మొదలైన ఈ కాలసూచికలో మొదటి ఐదు టిక్కులు సెకనులో పదోవంతు నిడివిగలవి, ఆరోది అర సెకను సాగుతుంది, ఆ ఆరో టిక్కు మొదలైన క్షణమే కొత్త గంట. కార్యక్రమం నడిపేవారు మంత్రితో వాదిస్తున్నా సరే, మొదటి టిక్కు వినబడేలోగా వాక్యం ముగించి తీరాలి. టిక్కుల మీద మాట పడితే దాన్ని వృత్తిపరమైన లోపంగానే పరిగణిస్తారు. సాయంత్రం 6 గంటలకు, అర్ధరాత్రికి టిక్కుల బదులు పార్లమెంటు భవనంలోని బిగ్ బెన్ గంట మోత వినిపిస్తుంది.

1957లో మొదలైన ‘టుడే’ వారపు రోజుల్లో ఉదయం 6 నుంచి 9 దాకా వార్తలతో, రాజకీయ నాయకుల ఇంటర్వ్యూలతో సాగుతుంది. దానికి వచ్చినంత పేరు మరి దేనికీ రాలేదు గనక ఇక్కడ ఎక్కువ చెప్పనక్కరలేదు. గమనించవలసింది దాని మధ్యలో, ఇంచుమించు పావుతక్కువ ఎనిమిదికి, మూడు నిమిషాలలోపు వినిపించే ధార్మిక చింతన. వాదోపవాదాల నడుమ ఒక్క గొంతు ఎవరూ అడ్డుచెప్పకుండా మాట్లాడే వ్యవధి అది. ఆ తరవాత గురువారం 9 గంటలకు, 1998లో మెల్విన్ బ్రాగ్ ఆరంభించి 2025 దాకా నడిపిన ‘ఇన్ అవర్ టైమ్’ వస్తుంది. ముగ్గురు ఆచార్యులు ఒక ప్రాచీన గ్రంథాన్నో, ఒక కణాన్నో, ఒక యుద్ధాన్నో పట్టుకొని ముప్పావు గంట చర్చిస్తారు. ఇంతటి పాండిత్యం ఉదయం పూట, గిన్నెలు కడిగేవారికీ కారు నడిపేవారికీ అందేలా పెట్టడం సాహసం. విషయం తెలియని శ్రోత తెలివి తక్కువ శ్రోత కాడన్న నమ్మకం ఉంటేనే అది సాధ్యం. 1946లో వేరొక కేంద్రంలో మధ్యాహ్నపు కార్యక్రమంగా మొదలై, 1973లో ఇక్కడికి చేరి, 1991లో ఉదయానికి మారిన ‘ఉమన్స్ అవర్’ వెనక కూడా ఆ నమ్మకమే ఉంది. దాని వేళ మార్చినప్పుడు శ్రోతలు గట్టిగా నిరసించారు.

సాయంత్రం 7 దాటగానే వచ్చే ‘ది ఆర్చర్స్’ 13 నిమిషాల ధారావాహిక నాటకం. ఆంబ్రిడ్జ్ అనే కల్పిత గ్రామంలోని రైతు కుటుంబాల కథగా 1951 జనవరి 1న దేశమంతటా మొదలై నేటికీ ఆగలేదు. ప్రపంచంలో ఇంత దీర్ఘకాలం నడిచిన ధారావాహిక నాటకం మరొకటి లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఐదారేళ్లయినా ఆహారానికి రేషను తప్పని కాలంలో, దిగుబడి పెంచే పద్ధతులను రైతులకు చేరవేయాలన్న ఉద్దేశంతో గాడ్‌ఫ్రీ బేస్లీ అనే ప్రసారకర్త వ్యవసాయ శాఖ సలహాతో దీన్ని రూపొందించాడు. ఎరువుల మోతాదు, పశువుల రోగం ఉపన్యాసంగా చెబితే వినని మనిషి, పక్కింటి రైతు తన పెళ్లాంతో మాట్లాడుతుంటే చెవి ఒగ్గి వింటాడన్న లోకజ్ఞానం దాని పునాది. ఆకాశవాణి తెలుగు కేంద్రాలు రైతులకోసం నడిపిన కార్యక్రమాల్లోనూ సలహా పల్లెయాసలో, ఇద్దరు ముగ్గురు మనుషుల సంభాషణగా వచ్చేది. ఆలిండియా రేడియోను 1935లో తీర్చిదిద్దడానికి వచ్చిన లయనెల్ ఫీల్డెన్ బీబీసీ మనిషే కాబట్టి ఈ రెండు సంస్థల నడుమ పోలికలు కనిపించడం సహజం. ఆర్చర్స్ స్టూడియోలో పొలం గేటు కిర్రుమనాలంటే పాత ఇస్త్రీ బల్లను కదిలిస్తారు; గొర్రెపిల్ల పుట్టే చప్పుడు కోసం చేతులకు పెరుగు పూసుకొని పిసికి, తడి తువాలును నేల మీద పడేస్తారు. నిజమైన పశువు చేసే చప్పుడు మైకులో నిజంలా వినిపించకపోవచ్చు, అందుకే ఈ కల్పన అవసరం. చూపు లేని చోట చెవికి లోకాన్ని చూపే ఈ విద్యకు అక్కడ వందేళ్ల చరిత్ర ఉంది: రేడియోకోసమే రాసిన తొలి బీబీసీ నాటకాన్ని 1924 జనవరిలో రిచర్డ్ హ్యూస్ రాసినప్పుడు, దీపాలారిపోయిన బొగ్గుగనిలో కథ పెట్టాడు, దాంతో పాత్రలూ శ్రోతలూ ఒకే చీకటిలో నిలిచారు.

ఫోన్‌లో ఎవరికి కావలసినది వారు ఎప్పుడంటే అప్పుడు వినే ఏర్పాటు వచ్చాక ఈ కూర్పుకు విలువ తగ్గిందని చాలామంది భావిస్తున్నారు. 2024లో లాంగ్‌వేవ్‌కు, అంటే నేలనంటి బహుదూరం పాకే తరంగాలకు, విడిగా ఇచ్చే కార్యక్రమాలను నిలిపివేయడంతో సముద్ర సూచన చదివే వేళలూ తగ్గాయి. ఖర్చు లెక్కల్లో ఇది సబబే కావచ్చు. కాని ఎంచుకొని వినే శ్రోతకు తాను ఎంచుకోనిది ఎదురుకాదు. గోధుమ ధర కోసం రేడియో పెట్టిన రైతు చెవిన ఒక తత్త్వవేత్త పేరు పడడం, నిద్రపట్టని గుమాస్తా చెవిన డాగర్ ఇసుకతిన్నెల మీది గాలి పడడం వరస ఉన్నచోటే జరుగుతాయి. ఆ వరసను శ్రోతలు ఎంత సొంతంగా భావిస్తారో 1995లో తేలింది. రాత్రి సూచనను 12 నిమిషాలు జరపాలని ప్రతిపాదించగానే పత్రికలు సంపాదకీయాలు రాశాయి, పార్లమెంటులో చర్చ జరిగింది, చివరకు ఆ ప్రతిపాదనను విరమించుకున్నారు. బయటివారికి అది చిన్న విషయంగా కనిపించవచ్చు. పడవలో కాపలా మార్పు, మెలకువ, వల తీసే వేళ అన్నీ ఆ నిమిషాన్ని బట్టే అమర్చుకున్నవారికి మాత్రం 12 నిమిషాలు చిన్నవి కావు. ఆ సంగతి ఆనాడు సముద్రం చూడని శ్రోతలకూ అర్థమైంది.