కొత్తకోడలి చేతి పండగవంట

మా ద్వారకా తిరుమల కుర్రకారుకి ఐపీఎల్‌లో హైదరాబాదు సన్‌రైజర్స్ అంటే ప్రాణం. 2021లో ఆ జట్టు పద్నాలుగు మ్యాచుల్లో మూడే గెలిచి అట్టడుగున కూచుంది. 2023లోనూ అట్టడుగే, గెలిచినవి నాలుగు. అప్పుడు టీవీ ముందు విన్న తిట్లు ఇక్కడ రాస్తే సంపాదకులు ఒప్పుకోరు. "వార్నర్‌ని పక్కన కూచోబెట్టి ఈ పసివాళ్లతో ఆటేమిటి పిన్నిగారూ!" అని 2021లో పక్కింటబ్బాయి ఒకటే గోల.

అతని బాధ అబద్ధం కాదు. పండగనాడు ముప్ఫైమంది వంట కొత్తకోడలికి అప్పగించి అత్తగారు వీధరుగు మీద కూచుంటే ఏమవుతుంది? పులుసు మాడుతుంది. తిట్లు మాత్రం కోడలికే! 2020లో పంతొమ్మిదేళ్ల ప్రియమ్ గార్గ్ చెన్నై మీద అజేయంగా 51 కొడితే అందరూ నెత్తిన పెట్టుకున్నారు. తరవాత పరుగులు రాకపోయేసరికి వాళ్లే పొమ్మన్నారు. 2022 ఆటలయ్యాక జట్టూ వదిలేసింది.

కుర్రాళ్లని ఆడించడం తప్పని నేననను. ఆనుకోడానికి పెద్దదిక్కు లేకుండా ఆడించడమే తప్పు. 2024లో అభిషేక్ శర్మ 484 పరుగులు చేశాడంటే అవతలి కొసన ట్రావిస్ హెడ్ ఉన్నాడు మరి! మన విశాఖ నితీష్ కుమార్ రెడ్డికి 2023లో దక్కినవి రెండు మ్యాచులే. మరుసటేడు 303 పరుగులు. ఆ ఏడు జట్టు ఫైనల్ దాకా వెళ్లింది.

"అభిషేక్ సంగతి నేనెప్పుడో చెప్పలేదూ!" అంటున్నాడిప్పుడు పక్కింటబ్బాయి. 2021లో ఏమన్నాడో నాకు బాగా గుర్తే. పకోడీల పళ్లెం ముందుకి జరిపి ఊరుకున్నాను.