జాగ్వార్ మీటర్ల వెనకవైపు

జాగ్వార్ ఈ-టైప్‌ను చూసినవాళ్లంతా దాని ఒంటి వంపులనే పొగుడుతారు. విమానాల కంపెనీలో పనిచేసి వచ్చిన మాల్కం సేయర్ లెక్కలు కట్టి మరీ గీసిన వంపులవి. 1961 మార్చిలో జెనీవాలో అవి తొలిసారి లోకం కంటబడ్డాయి. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 1996లో ఒక ఈ-టైప్‌ను తన కళాఖండాల సరసన నిలబెట్టుకుంది. ఆ గౌరవం దానికి తగినదే. అయినా ఆ కారు అందం పరాకాష్ఠకు చేరేది బయట కాదనిపిస్తుంది నాకు. మరమ్మతు కోసం డాష్‌బోర్డ్‌లోంచి మీటర్లను ఒక్కొక్కటే విప్పి ఒళ్లోకి తీసుకునే ఆ గంటసేపు అక్కడ కనబడే సౌందర్యం ముందు, ఆ పొడవాటి ముక్కు కూడా కాస్త వెనకబడుతుంది.

తొలి ఏళ్ల 3.8 లీటర్ల కారునే తీసుకుందాం. స్టీరింగ్ ఎదురుగా రెండు పెద్ద గుండ్రని మీటర్లు. ఒకటి వేగం చెబుతుంది, రెండోది ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోందో చెబుతూనే తన పొట్టలో ఒక చిన్న గడియారాన్ని కూడా మోస్తుంది. నల్లని పలక మీద తెల్లని అంకెలు, ఏ సోకులూ లేని అక్షరాలు. వేగం మీటరులో ఆఖరి అంకె గంటకు 160 మైళ్లు. నడిమి భాగంలో చుక్కలు అచ్చొత్తిన అల్యూమినియం రేకు, దాని మీద నాలుగు చిన్న మీటర్లు: కరెంటు, పెట్రోలు, ఆయిల్ ప్రెషర్, నీటి వేడి. ఆ నాలుగింటి మధ్య లైట్ల స్విచ్. కింద బారుగా టాగిల్ స్విచ్‌లు, వాటి పేర్లు రాసిన సన్నటి పట్టీ. రాత్రిపూట ఆ పేర్లు వెనకనుంచి వెలుగుతాయి. తెలుసుకోవలసినదంతా ఇక్కడ ఉంది, చూపుకు మాత్రం ఎక్కడా ఇరుకు లేదు.

విప్పడం బ్యాటరీ తీగ ఊడదీయడంతో మొదలవుతుంది. ఇది వదిలేయకూడని పని. ఎందుకంటే స్టార్టరు లాగే కరెంటు తప్ప కారు వాడుకునే కరెంటంతా ఆ కరెంటు మీటరు గుండానే పోతుంది. దాని వెనకున్న లావుపాటి గోధుమరంగు వైర్ల మీదికి పొరపాటున స్పానర్ జారితే నిప్పురవ్వలే. పైగా 3.8 కార్లలో ఎర్త్ అయ్యేది పాజిటివ్ వైపు. నేటి బండ్లకు అలవాటుపడిన చేతులు ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించక తప్పదు.

ఆ తర్వాతది నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం. నడిమి పలకకు పైన రెండు మూలలా రెండు స్క్రూలున్నాయి. వాటిని తిప్పి వదులు చేస్తే చాలు, పలక మొత్తం అడుగున ఉన్న కీలు మీద ముందుకు వాలుతుంది. మీటర్లు, స్విచ్‌లు, ఫ్యూజులు, వాటి వైర్లు అన్నీ ఒక్కసారిగా కళ్లముందు పరుచుకుంటాయి. దేన్నీ విరగ్గొట్టక్కర్లేదు, బలవంతంగా పెకలించక్కర్లేదు. ఈ కారు ఎప్పుడో పాతబడుతుందనీ, అప్పుడు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి దీని ముందు కూర్చుంటాడనీ తయారుచేసినవాళ్లకు తెలుసు. ఆ మనిషి మీద ఉంచిన మర్యాద ఆ రెండు స్క్రూల్లోనూ ఆ కీలులోనూ ఉంది. యంత్రంలో ఔదార్యం అనేదాన్ని ఇంతకన్నా స్పష్టంగా నేను మరెక్కడా చూడలేదు.

వెనకవైపు ఒక రంగుల లోకం. నూలు అల్లిక తొడుగులో కట్టలుగా వచ్చిన వైర్లు మీటర్ల దగ్గర విడివిడిగా విచ్చుకుంటాయి. ఆనాటి బ్రిటిష్ కార్లలో ప్రతి రంగుకూ ఒక పని ఉంది. గోధుమరంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెలుపు తాళం తిప్పాక ప్రాణం పోసుకునేది, ఆకుపచ్చ ఫ్యూజు దాటి వచ్చేది, నీలం హెడ్‌లైట్లది, ఎరుపు చిన్న దీపాలది, నలుపు ఎర్త్. ఈ క్రమం తెలిసిన కంటికి ఆ చిక్కు కాస్తా ముగ్గులా విడిపోతుంది. చుక్కలేమిటో, గీత ఎటు పోయిందో, ఎక్కడ మలుపు తిరిగిందో అన్నీ తెలుస్తాయి. అరవై ఏళ్ల నాటి ఆకుపచ్చ ఇప్పుడు పాచిరంగుకు తిరిగి ఉండవచ్చు. తొడుగు చివర కాస్త పక్కకు జరిపితే, వెలుతురు తగలని చోట అసలు రంగు కొత్తగా మెరుస్తుంది.

పెట్రోలు మీటరు చేతిలోకి తీసుకుంటే ఎంత తేలికో! లోపల రెండు లోహాలు అతికించిన ఒక చిన్న పట్టీ, దాని చుట్టూ సన్నటి తీగ. కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది, పట్టీ వంగుతుంది, ముల్లు కదులుతుంది. పలక వెనకే ఉన్న ఓ చిన్న స్టెబిలైజర్ ఆ మీటరుకు సగటున 10 వోల్టులు అందేలా చూస్తుంది. పట్టీ వేడెక్కడానికి కాస్త సమయం పడుతుంది కాబట్టి తాళం తిప్పగానే ఆ ముల్లు ఎగిరిపడదు. తాపీగా, తనకు తెలిసినది చెప్పడానికి తొందరేమీ లేనట్టు లేస్తుంది. మలుపుల్లో ట్యాంకులో పెట్రోలు ఎంత ఊగినా చలించదు. పక్కనే కరెంటు మీటరు ముల్లు మాత్రం దీపం వేసినా ఆర్పినా ఉలిక్కిపడుతుంది. ఒకే వరసలో ఇన్ని స్వభావాలు. డిజిటల్ తెరలు దేన్నైనా ఒకే వేగంతో చెబుతాయి. అక్కడ నాకు వెలితిగా తోచేది ఇదే.

పెద్ద మీటర్లు రెండూ ముందునుంచి చూస్తే కవలలు. విప్పితే జన్మలు వేరు. ఇంజను మీటరుకు కేబుల్ లేదు. క్యామ్‌షాఫ్ట్ కొసన తిరిగే చిన్న జనరేటర్ నుంచి వైర్ల మీదుగా కరెంటు వస్తుంది. వేగం మీటరు వెనక మాత్రం గేర్‌బాక్స్ నుంచి పాక్కుంటూ వచ్చిన కేబుల్ ఉంది. దాని గరుకు నట్టును వేళ్లతో తిప్పి వదిలించాలి, బల్బు హోల్డర్లు లాగాలి, పట్టి ఉంచిన బిగింపులు తీయాలి. అప్పుడు మీటరు మెల్లిగా బయటికి వస్తుంది.

దాని లోపల జరిగేది తెలిస్తే ఒళ్లు పులకరిస్తుంది. కేబుల్ తిప్పేది ఒక అయస్కాంతాన్ని. ఆ అయస్కాంతాన్ని కప్పుతూ ఒక పల్చటి అల్యూమినియం గిన్నె, ఆ గిన్నెకు ముల్లు. రెండింటి మధ్యా ఖాళీ, ఒకదాన్నొకటి తాకవు. తిరిగే అయస్కాంతం గిన్నెలో సుడి కరెంట్లు పుట్టించి తనతో లాక్కుపోవాలని చూస్తుంది. వెంట్రుకంత స్ప్రింగు వద్దని వెనక్కు లాగుతుంది. ఆ రెండు బలాలూ రాజీపడే చోటే ముల్లు నిలుస్తుంది, అదే వేగం. జర్మనీకి చెందిన ఓటో షుల్ట్‌సే 1902లో పేటెంట్ తీసుకున్న సూత్రమిది. ఈ మీటరును ఈ కారుకు అందించిన స్మిత్స్ కంపెనీ మొదట లండన్‌లో గడియారాల దుకాణం. మీటరును తిప్పి చూస్తే ఆ పనితనం ఆనవాలు దొరుకుతుంది. ఎవరూ చూడరని తెలిసిన చోట కూడా చక్రాల పళ్లు శ్రద్ధగా కోశారు.

అన్నీ తీసేశాక డాష్‌బోర్డ్‌లో మిగిలేవి గుండ్రటి ఖాళీలు. ఆ ఖాళీల అమరిక కూడా అందంగానే ఉంటుంది. నిష్పత్తులు సరిగ్గా కుదిరిన చోట వస్తువు లేకపోయినా దాని చోటు ఆకర్షిస్తుంది. ఈ కూర్పు ఎక్కువ కాలం బతకలేదు. 1968లో అమెరికా భద్రతా నియమాలు అమల్లోకి రావడంతో టాగిల్ స్విచ్‌ల చోట చదునైన రాకర్ స్విచ్‌లు వచ్చాయి. గుద్దుకుంటే మనిషికి గాయం కాకూడదన్న ఆ నియమం న్యాయమైనదే, దాన్ని తప్పుపట్టను. కాని కంటికీ వేలికీ నష్టం జరిగిందన్నది కూడా నిజం.

పాత కారు ఏదైనా, జాగ్వార్ అయినా మీ తాతగారి ఫియట్ అయినా, మీటర్లు విప్పించే అవకాశం మీకు వస్తే ఒక్క మాట వినండి. అద్దం తుడిపించండి, ముల్లు తేలిగ్గా తిరిగేలా చేయించండి, చెడిన బల్బు మార్పించండి. లోపలి పలకకు మాత్రం కొత్త రంగు వేయించకండి. కాస్త పసుపెక్కిన ఆ అంకెలను మొదటిసారి అచ్చేసిన చేతిపని ఇంకెవరికీ రాదు.