కాగితం అతుకు కనపడని కప్పు

స్టోక్-ఆన్-ట్రెంట్ వాళ్లకు ఒక అలవాటుంది. హోటల్లో కూర్చున్నా, విందుకు వెళ్లినా ముందు పళ్లెం తిరగేసి అడుగున ఏ కార్ఖానా ముద్ర ఉందో చూస్తారు. ఇంగ్లండు నడిమధ్యన స్టాఫర్డ్‌షైర్‌లో టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్ అనే ఆరు ఊళ్లు 1910లో కలిసి ఈ ఒక్క ఊరయ్యాయి. ఆ ప్రాంతానికి వాడుకపేరు ‘పాటరీస్’. మూడు వందల ఏళ్లుగా కప్పులూ సాసర్లూ చేసి బతికిన చోటు కాబట్టి ముద్ర మీద అంత పట్టింపు ఉండటం సహజమే. కానీ పనితనం తెలియాలంటే చూడాల్సింది అడుగున కాదు, పిడి పక్కన. కాగితం అతుకు సాధారణంగా అక్కడే ఉంటుంది.

కప్పు మీద కాగితం ఏమిటంటారా? బర్స్‌లెమ్‌లో ట్రెంట్-మెర్సీ కాలువ గట్టున మిడిల్‌పోర్ట్ పాటరీ ఉంది. బర్జెస్ అండ్ లీ కంపెనీ 1880ల చివర కట్టించిన కార్ఖానా. దాని సరుకు ‘బర్లీ’ పేరుతో అమ్ముడవుతుంది. టిష్యూ కాగితం మీద బొమ్మ అచ్చువేసి పాత్ర మీదికి దించే పాత పద్ధతిని అక్కడ ఇప్పటికీ వదల్లేదు. 1780లలో స్టోక్‌లో జోసయ్య స్పోడ్ అనే కుమ్మరి ఈ పనికి నీలిరంగులో ఒక దారి వేశాడు. నీలమే ఎందుకంటే, పైపూత కరిగేంత వేడిని తట్టుకుని నిలిచే రంగులు ఆ రోజుల్లో చాలా తక్కువ. కోబాల్ట్ వాటిలో మేటి.

పని రాగి రోలరు దగ్గర మొదలవుతుంది. చెక్కేవాడు ఉలితో గీతలు తీస్తాడు, సన్నని మొనతో చుక్కలు పొడుస్తాడు. చుక్క ఎంత లోతైతే అంత రంగు పట్టి అక్కడ నీలం అంత చిక్కనవుతుంది. ఆకు అంచున ముదురు, మధ్యన లేత, వెనక పొగమంచులాంటి తెలుపు. ఇవన్నీ వేర్వేరు రంగులు కావు, ఒకే రంగుకు వేర్వేరు లోతులు. అచ్చుపనిలో మామూలుగా అన్నీ తిరగేసి చెక్కాలి. ఇక్కడ ఆ బాధ లేదు. కాగితం మీద ఒకసారి, పాత్ర మీద మరోసారి తిరగబడి బొమ్మ మళ్లీ సరైన వైపుకే వస్తుంది.

నూనెలో కలిపిన రంగును వేడి రోలరుకు పట్టించి, ఎక్కువైంది గీకేసి, సబ్బునీళ్లలో తడిపిన టిష్యూను దాని మీదుగా లాగుతారు. కాగితం పొడవాటి నీలి పట్టీగా బయటికొస్తుంది. ఒకామె కత్తిరించి ఇస్తుంటే ఇంకొకామె అందుకుని కప్పుకు అంటిస్తుంది. ఆ కప్పు ఒక్కసారే కాలింది, ఇంకా పూత పడలేదు. అలాంటిదాన్ని అక్కడ ‘బిస్కెట్’ అంటారు. మట్టి రంధ్రాలు నూనెరంగును పీల్చుకుంటాయి. గట్టి కుచ్చుల బ్రష్షుకు సబ్బు పూసి ఆమె బలంగా రుద్దుతుంది. తర్వాత నీళ్లలో కడిగితే కాగితం ఊడిపోతుంది, రంగు కదలదు.

చెప్పినంత తేలిక కాదు. కాగితం చదును, కప్పు గుండ్రం, పైగా పొట్ట ఉబ్బి అడుగు సన్నబడుతుంది. చదునైనదాన్ని అలాంటి ఒంటి మీద వేస్తే ముడత పడక తప్పదు. అందుకని ఎక్కడ కత్తెరపెట్టాలో, ఏ రెక్కను ఏ రెక్క మీదికి జరపాలో ఆ పనిచేసే ఆమెకు చేతుల్లోనే ఉంటుంది. బర్లీ వాళ్ల ‘కాలికో’ చూడండి: ముదురు నీలం మీద ఒళ్లంతా చిన్న తెల్ల పూలు, ఖాళీ అన్నదే లేదు. అతుకు ఒక పువ్వు మధ్యలోంచి పోయినా అవతల సగం సరిగ్గా అతుక్కుంటే కన్ను దాన్ని దాటిపోతుంది. టీకుండ ముక్కు మొదట్లో ఇంకా కష్టం. కాగితం రెండు వైపులా వంగాలి. మంచి చెయ్యి కావడానికి ఏళ్లు పడుతుంది. యంత్రంతో అచ్చయిన స్టిక్కరు బొమ్మ ఇంతకంటే శుభ్రంగా ఉంటుంది, కాదనను. కానీ అది పాత్ర మీద కూర్చున్నట్టుంటుంది. ఇది లోపల్నుంచి వచ్చినట్టుంటుంది.

ఇదంతా ఈ చోటే ఎందుకు జరిగింది? మట్టి వల్ల అనుకుంటాం, సగమే నిజం. స్థానికంగా దొరికేది ఎర్రమట్టి. తెల్లమట్టి దూరాన కార్న్‌వాల్, డెవన్‌ల నుంచీ, చెకుముకి రాయి ఆగ్నేయ తీరం నుంచీ రావాలి. ఇక్కడున్నది బొగ్గు. టన్ను మట్టి కాల్చడానికి అనేక టన్నుల బొగ్గు కావాలి కాబట్టి, బొగ్గును మట్టి దగ్గరికి మోయడం కంటే మట్టినే బొగ్గు దగ్గరికి తేవడం చవక. ఇక్కడి కార్ఖానాదారు జోసయ్య వెడ్జ్‌వుడ్ లెక్క తెలిసిన మనిషి. గుంతల దారిలో గుర్రాల మీద పోయే సామాను పగులుతుంటే, కాలువ కోసం పట్టుబట్టాడు. 1766లో ట్రెంట్-మెర్సీ కాలువకు మొదటి మట్టి గడ్డ తానే తవ్వాడు. 1777కి కాలువ పూర్తయింది. పడవ కుదపదు, పింగాణీ పగలదు.

ఎముకల కథ కూడా ఉంది. బోన్ చైనాలో దాదాపు సగం పశువుల ఎముకల బూడిద. మిగతాది తెల్లమట్టి, కార్నిష్ రాయి. ఆ పలుచదనం, వెలుతురుకు ఎత్తితే వేళ్లు కనపడటం, అంతా దాని చలవే. మనింట్లో అత్తగారికి అందులో టీ ఇచ్చేటప్పుడు ఈ సంగతి ఎత్తకపోవడం మంచిది.

కాల్పు మరో విద్య. సీసా ఆకారంలో ఇటుక బట్టీలు ఒకప్పుడు రెండు వేలకు తక్కువ లేవు. ‘సాగర్’ అనే గరుకు మట్టిపెట్టెల్లో సరుకు సర్ది, తల మీద చుట్టకుదురు పెట్టుకుని మోసుకుపోయి నిలువునా పేర్చేవాళ్లు. ఆ పెట్టె అడుగును చదును కొట్టడానికే ప్రత్యేకంగా ఒక కుర్రాడుండేవాడు. బట్టీ మండినన్ని రోజులూ దాన్ని చూసుకునే మనిషి నిద్ర మాని కాపు కాసేవాడు. మట్టి ఉంగరాన్ని ఇనుపకమ్మితో బయటికి లాగి, ఎంత కుంచించుకుందో కొలిచి వేడిని అంచనా కట్టేవాడు. తప్పితే మొత్తం బట్టీ సరుకు పోయినట్టే.

వైభవానికి వెల కూడా ఉంది. చెకుముకి దుమ్ము ఊపిరితిత్తులను తినేసింది, సీసం పూత అందులో పాత్రలు ముంచేవాళ్ల ప్రాణాలు తీసింది. ఆకాశం నల్లగా ఉండేది. 1956 స్వచ్ఛ వాయు చట్టంతో ఆ బట్టీలకు చివరి రోజులు మొదలయ్యాయి. 1978లో లాంగ్టన్‌లో ఆఖరిసారి ఒకటి వెలిగించారు. అదీ అక్కడి మ్యూజియం వాళ్లు పూనుకుని. ఇప్పుడు మిగిలినవి 47. మిడిల్‌పోర్ట్‌లో ఏడు ఉండేవి, ఒక్కటి నిలిచింది.

ఇప్పుడు బట్టీలు గ్యాసు, కరెంటులతో నడుస్తాయి, వాటి బిల్లే ఈ తరం కష్టం. 2025 ఫిబ్రవరిలో బర్స్‌లెమ్‌లోని రాయల్ స్టాఫర్డ్ కార్ఖానా మూతపడింది. ఏప్రిల్‌లో 1913 నాటి మూర్‌క్రాఫ్ట్ కూడా ఆగిపోయింది. గొట్టంలోంచి పలుచని మట్టి పిండి బొమ్మ గీతలు లేపడం అక్కడి ప్రత్యేకత, అది కూడా చేతులతోనే నేర్చుకునే పని. కొద్ది వారాలకే స్థాపకుడి మనవడు కంపెనీని కొని మళ్లీ తలుపులు తెరిపించాడు.