తగవు తీర్చే చోటు: తెలుగులో న్యాయవేదికల పేర్లు, వాటి క్రియలు

తగవు తీర్చే చోటికి తెలుగులో పేర్లు అనేకం. సభ, ధర్మాసనం, పంచాయితీ, కచేరీ, అదాలతు, కోర్టు, న్యాయస్థానం వాటిలో ముఖ్యమైనవి. వీటిని ఒకదానికొకటి పర్యాయపదాలుగా భావించడం పరిపాటి. వాడుక ఆ భావనను బలపరచదు. ఒక్కొక్క పేరు తనదైన క్రియను వెంటబెట్టుకొని వస్తుంది. సభ తీరుతుంది, పంచాయితీ పెడతారు, కోర్టుకెక్కుతారు, న్యాయస్థానాన్ని ఆశ్రయిస్తారు, ధర్మాసనం తీర్పు వెలువరిస్తుంది. కక్షిదారు పెద్దమనుషులను పిలిచి పంచాయితీ పెట్టించగలడు కానీ కోర్టు పెట్టించలేడు. అది ముందే, ఎత్తున ఉంటుంది. అతడే మెట్లెక్కి పోవాలి. న్యాయవేదిక ఎదుట మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో ఈ క్రియలు చెబుతాయి. పర్యాయపద దృష్టికి అందనిది ఈ స్థానభేదమే.

వేదికల మధ్య తరతమభేదం పాటించడం ధర్మశాస్త్ర సంప్రదాయంలోనే ఉంది. యాజ్ఞవల్క్యస్మృతి రాజు నియమించిన అధికారులు, పూగాలు, శ్రేణులు, కులాలు అనే వరుసను చెప్పి, వ్యవహార నిర్ణయంలో ముందున్నదానికి ఎక్కువ అధికారం ఇచ్చింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను అనుసరించి 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయాన్ని తెలుగు చేశాడు. ఆ శాస్త్రంలో 'వ్యవహారం' అంటే దావా. నేటి తెలుగులో అది ఏ పనికైనా, లావాదేవీకైనా చెల్లే మాట అయింది. 'అధికరణం' గతి మరింత విచిత్రం. సంస్కృతంలో ధర్మాధికరణం అంటే న్యాయసభ. నేడు 'న్యాయాధికరణం' ట్రిబ్యునల్ కాగా, విడిగా 'అధికరణం' రాజ్యాంగంలోని ఒక నిబంధన. కూర్చునే చోటి పేరు గ్రంథభాగం పేరుగానూ నిలిచింది.

పాలకులు మారినప్పుడు కొత్త పేర్లు వచ్చాయి. కంపెనీ ప్రభుత్వం 1802లో మద్రాసులో సదర్ అదాలతును నెలకొల్పింది. 1862లో హైకోర్టు ఏర్పడడంతో అది అంతరించింది. నిజాం రాజ్యంలో అదాలతు అన్న మాట అంతకంటె చాలాకాలం నిలిచింది. అరబ్బీ మూలంలో దానికి న్యాయమనే అర్థమున్నా, తెలుగు చెవికి వినిపించింది సర్కారే. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 'లోక్ అదాలత్'కు శాసనబద్ధత కల్పించాక ఆ మాట రాజీకి సంకేతమైంది. సర్కారు పీఠానికి పేరైన పదం చివరకు పంచాయితీకి చుట్టమైంది.

కచేరీ కథ వేరు. అది కార్యాలయమూ, విచారణ స్థలమూ కూడా. ఈ ద్వ్యర్థం భాషలోని అస్పష్టత కాదు, పాలనలోని వాస్తవం. కన్యాశుల్కంలో డిప్టీ కలెక్టరు ముందు విచారణ జరుగుతుంది. పాలించే చేయే తీర్పు కూడా రాస్తుంది. అక్కడ వకీళ్ళ వాదులాట, అగ్నిహోత్రావధానుల ఆగ్రహం హాస్యాన్ని పండిస్తాయి. ఆ స్థలాన్ని న్యాయస్థానమంటే ఆ హాస్యానికి ఆధారమైన అధికార స్వరూపం మరుగున పడుతుంది.

రావిశాస్త్రి కథల్లో ఈ భేదం నైతిక ప్రశ్నగా మారుతుంది. విశాఖపట్నంలో న్యాయవాదిగా ఉన్న ఆయన, మద్యనిషేధం నేపథ్యంగా ఆరు సారా కథలు రాశారు. వాటిలోని 'మాయ'లో కేసులో చిక్కుకున్న ముత్యాలమ్మ పోలీసుల, ప్లీడర్ల లోకాన్ని కొత్త ప్లీడరుకు విప్పి చెబుతుంది. ఆమె లోకానికి తగిన మాట కోర్టే. 'న్యాయస్థానం' అన్న సమాసంలో అక్కడ న్యాయముందన్న హామీ ఇమిడి ఉంది. ఆ హామీనే ప్రశ్నించే కథకు ఆ సమాసం పనికిరాదు, వ్యంగ్యానికి తప్ప. 'కోర్టు' ఏ హామీ ఇవ్వదు. అది ఒక చోటును చూపి ఊరుకుంటుంది. అందుచేత ఇక్కడ అన్యదేశ్యాన్ని భాషాదారిద్ర్యానికి గుర్తుగా భావించడం పొరపాటు. తత్సమం దాచే నిజాన్ని అన్యదేశ్యం దాచదు.

అయితే తత్సమాలన్నీ అలంకారాలేనన్న నిర్ణయమూ తగదు. ధర్మాసనం ఒకప్పుడు రాజు తీర్పు చెప్పే పీఠం. పత్రికలు దాన్ని బెంచికి సమానార్థకంగా స్వీకరించి, ద్విసభ్య ధర్మాసనం, విస్తృత ధర్మాసనం, రాజ్యాంగ ధర్మాసనం అనే పదబంధాలను స్థిరపరచాయి. ఆంగ్లంలోనూ ఆ మాట ఆసనమే కనుక ఈ ఎంపిక సహజంగా కుదిరింది. పైగా ఇది అవసరమైన భేదాన్ని కాపాడుతుంది. కోర్టు ఒక్కటే, ధర్మాసనాలు అనేకం. ద్విసభ్య ధర్మాసనం చెప్పినదాన్ని విస్తృత ధర్మాసనం తోసిపుచ్చవచ్చు. రెంటినీ 'న్యాయస్థానం' అని అనువదిస్తే పాఠకుడికి ఒకే కోర్టు రెండు మాటలు చెప్పినట్లు తోస్తుంది.

రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహార భాష ప్రధానంగా ఆంగ్లమే. ఉన్నత న్యాయం తెలుగువారికి అనువాదంగానే చేరుతున్నప్పుడు పదాల ఎంపిక కేవలం శైలీవిషయం కాదు. తన తగవును ఎవరు, ఏ స్థాయిలో, ఎంత తుదిగా తీర్చారో కక్షిదారు తెలుసుకొనేది ఆ పదాల ద్వారానే. పారిభాషిక పదకోశాలు నామవాచకంతో పాటు దాని క్రియను, దానిని పలికేవారి స్థానాన్ని కూడా నమోదు చేయాలి. 'కోర్టుకెక్కాడు' అన్నది కక్షిదారు వైపు నుంచి, అతని శ్రమతో సహా, చెప్పిన మాట. 'న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు' అన్నది సంస్థ గౌరవాన్ని నిలుపుతూ చెప్పిన మాట. రెండూ తెలుగుకు అవసరమే. ఒకదాని చోట మరొకదాన్ని నిలిపితే మాత్రం మాటతో పాటు మనిషి నిలబడిన చోటు కూడా మారిపోతుంది.